ఒడిశా సరిహద్దు తెలుగు పిల్లలకు ఇంజినీరింగ్ సీటు: కాలేజీ కంటే ముందు తేల్చుకోవాల్సినవి

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం, రాయగడ, జయపురం వైపు తెలుగిళ్లలో పిల్లలు పదో తరగతి గట్టెక్కగానే ఇంజినీరింగ్ మాట మొదలవుతుంది. శ్రీకాకుళంలో మేనత్త ఒక కాలేజీ పేరు చెబుతుంది, విశాఖలో పెదనాన్న ఇంకోటి చెబుతాడు, భువనేశ్వర్‌లో ఉద్యోగం చేసే పక్కింటబ్బాయి మరోటి చెబుతాడు. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: కాగితాల ప్రకారం ఈ పిల్ల ఏ రాష్ట్రం మనిషి?

విజయవాడలోనో కటక్‌లోనో ఉండేవాళ్లకు ఈ ప్రశ్నే రాదు. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఇటు ఉంటే పర్లాకిమిడి అన్నట్టు బతికే మనకు మాత్రం సీటు చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది. పైగా జవాబు ఒకటే ఉండదు. అడ్మిషన్ ఇచ్చే ప్రతి వ్యవస్థా తన లెక్కతో తాను చూస్తుంది. అందుకే ఈ మార్గదర్శి కాలేజీల పేర్లతో మొదలవదు.

మొదటి మెట్టు: మీ రాష్ట్రం ఏదో మూడు చోట్ల విడివిడిగా తేల్చుకోండి

మొదటిది జోసా. ఐఐటీలు, ఎన్‌ఐటీలు, ట్రిపుల్ ఐటీలు, కేంద్రం నిధులతో నడిచే మరికొన్ని సంస్థల సీట్లు ఇక్కడ నింపుతారు. ఐఐటీల్లో సొంత రాష్ట్రం కోటా లేదు. ఎన్‌ఐటీల్లో ఉంది: సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు, సగం బయటివాళ్లకు. ఇక్కడ సొంత రాష్ట్రం అంటే ఇల్లు ఎక్కడుంది, రేషన్ కార్డు ఎక్కడిది అని చూడరు. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారన్నదే లెక్క. పర్లాకిమిడిలో పుట్టి పెరిగినా, ఇంటర్ విశాఖలో చదివితే జోసా దృష్టిలో ఆంధ్ర విద్యార్థే. అప్పుడు సొంత ఎన్‌ఐటీ తాడేపల్లిగూడెం అవుతుంది, రూర్కెలా బయటి రాష్ట్రం అవుతుంది.

రెండోది ఒజేఈఈ. ఒడిశాలోని ప్రభుత్వ, ప్రైవేటు కాలేజీల్లో బీటెక్ మొదటి సంవత్సరం సీట్లు దీని కౌన్సెలింగ్‌లో నిండుతాయి. ర్యాంకు మాత్రం జేఈఈ మెయిన్‌దే. ఇక్కడ ఒడిశా నివాసం ముఖ్యం. తల్లిదండ్రులు ఇక్కడి శాశ్వత నివాసులని చూపడానికి తహసీల్దార్ ఇచ్చే రెసిడెంట్ సర్టిఫికెట్ పనికొస్తుంది.

మూడోది ఏపీ ఈఏపీసెట్. మనవాళ్లు ఇంకా ఎంసెట్ అనే అంటారు, అననివ్వండి. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన స్థానికత నిబంధనల ప్రకారం కన్వీనర్ సీట్లలో, అంటే ర్యాంకు మీద ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపేవాటిలో, 85 శాతం లోకల్ వాళ్లకు పోతాయి. చదువు ద్వారా లోకల్ కావాలంటే ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు, అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు, ఆ ప్రాంతంలోనే చదివి ఉండాలి. మిగతా 15 శాతానికి పోటీ పడాలన్నా విద్యార్థికో తల్లిదండ్రులకో ఆంధ్రలో పదేళ్ల నివాసం లాంటి షరతులున్నాయి.

ఈ మూడూ కలిపి చూస్తే మన ఊళ్లలో ఎక్కువగా జరిగే పనిలో ఉన్న చిక్కు తెలుస్తుంది. పది ఇక్కడే పాసై, ఇంటర్‌కు శ్రీకాకుళమో విశాఖో కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌కు పంపుతారు. ఆ పిల్లకు రూర్కెలాలో సొంత రాష్ట్రం కోటా పోతుంది. అటు ఆంధ్రలో నాలుగేళ్లు నిండవు కాబట్టి ఈఏపీసెట్‌లో లోకల్ కాదు. ఒజేఈఈ మాత్రం తల్లిదండ్రుల నివాసం పుణ్యమా అని మిగులుతుంది. రెండేళ్లు ఫీజు కట్టి రెండు తలుపులు మూసుకున్నట్టవుతుంది, అదీ ఎవరికీ తెలియకుండా.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పిల్ల ఎన్‌ఐటీ అందుకోగలదని నమ్మకముంటే ప్లస్ టూ ఒడిశాలోనే చదివించండి. రూర్కెలా 1961లో ఆర్‌ఈసీగా, అంటే రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన పాత సంస్థ, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ 2015లో వచ్చింది. జేఈఈ రాసేవాళ్లు ఆంధ్రలో ఒడిశా కంటే బాగా ఎక్కువ కాబట్టి సొంత రాష్ట్రం కోటాలోనూ అక్కడ తోపులాట ఎక్కువే. కోచింగ్ కావాలంటే బరంపురంలోనో భువనేశ్వర్‌లోనో చూసుకోవచ్చు. లేదు, ఆంధ్ర కాలేజీలోనే చేర్పించాలని ముందే నిశ్చయించుకుంటే తొమ్మిదో తరగతి నుంచే అటు పంపాలి. మధ్యలో పంపడం అన్నిటికంటే నష్టం. డమ్మీ కాలేజీ, అంటే పేరు ఒకచోట, చదువు ఇంకోచోట అనే పద్ధతి జోలికి మాత్రం వెళ్లొద్దు. సర్టిఫికెట్ ఏ రాష్ట్రానిదైతే మీది ఆ రాష్ట్రమే అవుతుంది, తర్వాత ఎంత వాదించినా మారదు.

రెండో మెట్టు: కాగితాలు, ముఖ్యంగా పేరు

తెలుగిళ్లలో ఇంటిపేరు ముందు రాస్తాం. ఇక్కడి బడుల్లో ఒడియా పద్ధతిలో అది చివరికి పోతుంది, లేకపోతే 'రావు' ఒక్కటే ఇంటిపేరుగా నమోదవుతుంది. ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. తండ్రి పేరు పదో తరగతి మెమోలో పూర్తిగా, కుల ధ్రువీకరణలో పొడి అక్షరాలతో ఉంటుంది. జేఈఈ ఫారం పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరునే అడుగుతుంది, గుర్తింపుకు ఆధార్ చూస్తుంది. కాబట్టి పదకొండో తరగతి సెలవుల్లోనే ఆధార్‌ను పదో తరగతి సర్టిఫికెట్‌కు సరిపోయేలా మార్పించండి. సర్టిఫికెట్‌లోనే తప్పుంటే బోర్డు దగ్గర సరిచేయించుకోవాలి, దానికి నెలలు పడుతుంది. ఫారం తెరిచాక మొదలుపెడితే అందదు.

తర్వాత కులం. బంధువులు చెప్పినదాన్ని బట్టి ఈ గడి నింపొద్దు. ఆంధ్రలో బీసీ అయిన కులం ఒడిశాకు సంబంధించిన కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండకపోవచ్చు, ఉన్నా వేరే పేరుతో ఉండొచ్చు. ఎస్సీ, ఎస్టీ జాబితాలూ రాష్ట్రాలవారీగానే ఉంటాయి. శ్రీకాకుళంలో చిన్నాన్న కొడుక్కి వచ్చిన రిజర్వేషన్ మీ అబ్బాయికీ వస్తుందని అనుకోకుండా మీ తహసీల్దార్ ఆఫీసు ఇవ్వగలిగే సర్టిఫికెట్ ఏదో ముందు కనుక్కోండి. ఇంకో మాట: వెనుకబడిన తరగతులకు ఒడిశా రాష్ట్రం ఇచ్చే ఎస్‌ఈబీసీ సర్టిఫికెట్ జోసాకు పనికిరాదు. అక్కడ కేంద్ర నమూనాలో ఉన్న ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కాగితం కావాలి, అదీ ఆ సంవత్సరం ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ తీసుకున్నదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్‌కూ అదే నియమం. మార్చిలో తీసుకున్న కాగితంతో జూన్‌లో వెళ్తే తిప్పి పంపుతారు.

ఫొటో, సంతకం, ఆదాయ ధ్రువీకరణ లాంటివి అందరికీ తెలిసినవే. ఫోన్ నంబరు, ఈమెయిల్ మాత్రం ఇంట్లోవాళ్లవే ఇవ్వండి. నెట్ సెంటర్ అబ్బాయి తన నంబరు ఇచ్చేస్తే కౌన్సెలింగ్ ఓటీపీలన్నీ అతనికే పోతాయి, తాళం చెవి మీ దగ్గర ఉండదు.

మూడో మెట్టు: ఏ పరీక్షలు రాయాలి

మనకు ఇరుసు జేఈఈ మెయిన్. జోసాలో ఎన్‌ఐటీ, ట్రిపుల్ ఐటీ సీట్లకూ, ఒజేఈఈకీ అదే ర్యాంకు. ఐఐటీలకు మాత్రం జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి జరుగుతుంది. రెండూ రాస్తే మెరుగైన స్కోరునే తీసుకుంటారు, అందుకే జనవరిది వదలొద్దు. దరఖాస్తులు దానికి ముందు శీతాకాలంలోనే మొదలవుతాయి. బీటెక్ పేపరులో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఒక్కోదానికి 25 ప్రశ్నలు, మొత్తం 300 మార్కులు, మూడు గంటలు. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది.

భాష విషయంలో మన పిల్లలకు ఒక మెలిక ఉంది. జేఈఈ మెయిన్ ప్రశ్నపత్రం తెలుగులోనూ దొరుకుతుంది, ఒడియాలోనూ దొరుకుతుంది. కానీ తెలుగు పత్రం తెలుగు రాష్ట్రాల కేంద్రాల్లోనే ఇస్తారు, ఒడియా పత్రం ఒడిశా కేంద్రాల్లోనే. తెలుగు మీడియంలో చదివి తెలుగు పత్రం కావాలనుకునేవాళ్లు పరీక్ష కేంద్రంగా శ్రీకాకుళమో విశాఖో ఎంచుకోవాలి. బరంపురం ఎంచుకుని తెలుగు కావాలంటే కుదరదు. ఇంగ్లీషు ఎక్కడైనా దొరుకుతుంది. నా సలహా అడిగితే, పదకొండో తరగతి నుంచే ఇంగ్లీషు పదాలతో లెక్కలు చేయడం అలవాటు చేసుకుని దగ్గరి కేంద్రంలో ఇంగ్లీషులోనే రాయడం మంచిది. బీటెక్ ఎలాగూ ఇంగ్లీషులోనే.

ప్లస్ టూ మార్కుల్నీ తేలిగ్గా తీసుకోవద్దు. జేఈఈ ర్యాంకు వచ్చినా ఎన్‌ఐటీలో చేరాలంటే పన్నెండులో 75 శాతం ఉండాలి, లేదా బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65 శాతం చాలు. ఈ శాతంలో భాషా సబ్జెక్టు కూడా లెక్కలోకి వస్తుంది. లెక్కలు, ఫిజిక్స్ మాత్రమే చదివి భాషా పేపరును చివరి రాత్రికి వదిలేసే పిల్లలకు ఇది ముందే చెప్పాలి.

ఈఏపీసెట్ రాయాలా? లోకల్ అర్హత ఉంటే తప్పకుండా రాయాలి. 160 ప్రశ్నలు, అందులో సగం లెక్కలే, నెగటివ్ మార్కులు లేవు. ర్యాంకులో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది. ఒడిశా ప్లస్ టూ బోర్డు సీహెచ్‌ఎస్‌ఈలో గానీ సీబీఎస్‌ఈలో గానీ చదివినవాళ్ల మార్కులు వాటంతటవి అక్కడికి చేరవు, విద్యార్థే నమోదు చేయాలి. లేకపోతే పరీక్ష బాగా రాసినా ర్యాంకు కనిపించదు. అర్హత ఏ దారిలోనూ లేనివాళ్లు ఈ పరీక్ష మీద ఆశ పెట్టుకోవడం దండగ. వాళ్లకు ఆంధ్ర ప్రైవేటు కాలేజీల్లో మిగిలేది 30 శాతం ఉండే బి కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ సీట్లు.

ప్రైవేటు యూనివర్సిటీలు, డీమ్డ్ యూనివర్సిటీలు తమ పరీక్షలు తాము పెట్టుకుంటాయి: కిట్‌కు కిట్టీ, గీతంకు గ్యాట్, ఇలా. వీటి గడువులు ముందే ముగుస్తాయి. ఒక్కో ఫారానికీ డబ్బు కట్టాలి కాబట్టి రెండింటికి మించి వేయడం అనవసరం.

నాలుగో మెట్టు: జాబితా తయారు చేయడం

ఒడిశా ప్రభుత్వ కాలేజీలను మనవాళ్లు ఎందుకో చిన్నచూపు చూస్తారు. బుర్లాలోని వీఎస్‌ఎస్‌యూటీ 1956 నుంచి ఇంజినీరింగ్ చెబుతోంది. భువనేశ్వర్‌లో పాత సీఈటీ ఇప్పుడు ఒడిశా యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ అండ్ రీసెర్చ్ అయింది. సారంగ్‌లో ఐజీఐటీ ఉంది. మన పక్కనే బరంపురంలో పర్లా మహారాజా ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, 2009లో మొదలైన ప్రభుత్వ కాలేజీ. భవానీపట్నంలో కలహండి ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. రాయగడ, కోరాపుట్ వాళ్లకు ఇది దూరం కాదు. వీటిలో ఫీజు ప్రైవేటు కంటే బాగా తక్కువ. ఒజేఈఈలో మొదటి ఎంపికలు ఇవే అయి ఉండాలని నా ఉద్దేశం.

ప్రైవేటులో గుణుపురంలో జీఐఈటీ యూనివర్సిటీ, పర్లాకిమిడి పక్కన సెంచూరియన్, బరంపురంలో నిస్ట్ మనకు దగ్గరివి. ఇంటి నుంచి వెళ్లొచ్చే వీలుంటే హాస్టల్ ఖర్చు మిగులుతుంది, నాలుగేళ్లలో అది చిన్న మొత్తం కాదు. ఆంధ్ర వైపు టెక్కలి, రాజాం, విజయనగరం, విశాఖ కాలేజీలు అందరికీ తెలిసినవే. రాయగడ నుంచి విజయనగరానికి నేరుగా రైలుంది, కోరాపుట్, జయపురం నుంచి కొత్తవలస మీదుగా విశాఖకు ఉంది. రూర్కెలా దూరమని భయపడేవాళ్లు సమలేశ్వరి ఎక్స్‌ప్రెస్ కోరాపుట్, రాయగడల మీదుగానే రూర్కెలా వెళ్తుందని గుర్తుంచుకోండి.

ఏ కాలేజీనైనా ఇలా పరీక్షించండి. కేంద్ర సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ అనుమతి ఆ ఏడాదికి, ఆ బ్రాంచికి ఉందా అని వాళ్ల సైట్‌లోనే చూడండి, బ్రోచర్‌లో వద్దు. నాణ్యతకు గుర్తుగా న్యాక్ గ్రేడ్ కాలేజీ మొత్తానికిస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా ఇస్తారు. గేటు మీద ఎన్‌బీఏ అని రాసి ఉంటే అది మీరు చేరబోయే బ్రాంచికేనా అని అడగండి. గతేడాది ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు, అంటే సీటు దొరికిన మొదటి, చివరి ర్యాంకులు, జోసా, ఒజేఈఈ సైట్లలో ఉంటాయి. మీ కేటగిరీ, మీ కోటా, చివరి రౌండు, ఈ మూడూ సరిచూసుకుని చదవాలి. సొంత రాష్ట్రం వరుసకు బదులు బయటి రాష్ట్రం వరుస చూసి నిరాశపడేవాళ్లు, పొంగిపోయేవాళ్లు ఇద్దరూ ఉంటారు.

ప్లేస్‌మెంట్ దగ్గర ఇంకాస్త ఆగుదాం, ఎందుకంటే అమ్మకం జరిగేది ఇక్కడే. ఫ్లెక్సీ మీద ఉండే అత్యధిక ప్యాకేజీ ఒక్కరికో ఇద్దరికో వచ్చినది. మీరు అడగాల్సింది మధ్యస్థ జీతం, అంటే జీతాల్ని వరుసగా పేర్చితే సరిగ్గా నడుమ నిలిచే అంకె. దాంతోపాటు మీ బ్రాంచిలో ఎంతమంది చదివారు, ఎంతమందికి ఆఫర్ లెటర్ వచ్చింది, అందులో చేరినవాళ్లెందరు అని అడగండి. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కేసే కాలేజీలున్నాయి. ఆఫీసులో జవాబు రాకపోతే క్యాంటీన్‌లో మూడో ఏడాది పిల్లల్ని పలకరించండి. ఈ ప్రాంతంలో ఏ క్యాంపస్‌లోనైనా తెలుగు మాట్లాడేవాళ్లు దొరుకుతారు, మొహమాటం లేకుండా చెబుతారు. ల్యాబ్ తాళాలు మధ్యాహ్నం తీసి ఉన్నాయా అని కూడా ఓ కన్నేయండి.

బ్రాంచా, కాలేజా అన్న గొడవకు నా దగ్గర ఒక మోటు నియమం ఉంది. ఎన్‌ఐటీ స్థాయి సంస్థ అయితే బ్రాంచి దగ్గర సర్దుకోవచ్చు. ఊరూపేరూ లేని కాలేజీలో కంప్యూటర్ సైన్స్ కంటే మంచి ప్రభుత్వ కాలేజీలో ఎలక్ట్రికల్, మెకానికల్ నయం. కోరాపుట్ జిల్లాలో నాల్కో దమన్‌జోడి, సునాబెడలో హెచ్‌ఏఎల్ చూస్తూ పెరిగిన పిల్లలకు కోర్ బ్రాంచిల విలువ వేరే చెప్పక్కర్లేదు. అయితే పిల్లకు అస్సలు ఇష్టం లేని బ్రాంచిని ర్యాంకు ఉంది కదా అని అంటగట్టకండి.

ఐదో మెట్టు: డబ్బు

ఆంధ్ర ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను లెక్కలో వేసుకోకండి. అది ఆంధ్ర నివాసులైన కుటుంబాలకు ఉద్దేశించింది. మనకు ఒడిశా రాష్ట్ర స్కాలర్‌షిప్ పోర్టల్ ఉంది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లకు అక్కడే దరఖాస్తు చేయాలి. దాంతోపాటు ట్యూషన్ ఫీజు వేవర్ అనే పథకాన్ని చాలామంది పట్టించుకోరు. ఏఐసీటీఈ కాలేజీల్లో 5 శాతం అదనపు సీట్లు దీని కింద ఉంటాయి, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. ట్యూషన్ ఫీజు మాఫీ అవుతుంది, హాస్టల్, పరీక్ష ఫీజులు కట్టాల్సిందే. ఈ సీటులో చేరాక కాలేజీగానీ బ్రాంచిగానీ మార్చుకోవడం కుదరదు.

అప్పు కావాలంటే 7.5 లక్షల వరకు తాకట్టు లేకుండా విద్యారుణం ఇచ్చే హామీ పథకం ఉంది. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో ఎంపిక చేసిన సంస్థల్లో చేరేవాళ్లకు తాకట్టు, జామీను రెండూ అక్కర్లేదు. 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు 10 లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ వస్తుంది. మీరు చేరే కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ఆప్షన్లు పెట్టకముందే చూసుకోండి. ఖర్చు లెక్కేసేటప్పుడు నాలుగేళ్లదీ ఒకేసారి వేయండి: ట్యూషన్, హాస్టల్, పరీక్షలు, బస్సు, ఏడాదికోసారి పెరిగే మొత్తం, అన్నీ.

ఆరో మెట్టు: ఆప్షన్లు పెట్టడం

'వస్తుందా రాదా' అని ఆలోచించి ఆప్షన్లు పెట్టడం మనవాళ్ల అలవాటు. 'కావాలా వద్దా' అని మాత్రమే ఆలోచించండి. పైన పెట్టినది రాకపోతే కంప్యూటర్ కిందిదానికి వెళ్తుంది. ఆశ పడి పైన రాసినందుకు కింద సీటు పోదు. అదే, ఖాయంగా వచ్చేది పైన రాస్తే దాని కిందున్న మంచిదాన్ని చూడకుండానే ఆగిపోతుంది. వచ్చినా చేరం అనుకున్న కాలేజీని జాబితాలోనే పెట్టొద్దు.

జోసాలో సీటు వచ్చాక మూడు మాటలు ఎదురవుతాయి. ఫ్రీజ్ అంటే ఇదే చాలు. ఫ్లోట్ అంటే ఇది ఉంచుకుంటా, జాబితాలో దీనికి పైన ఉన్నది ఏదైనా వస్తే అటు వెళ్తా. స్లైడ్ అంటే ఇదే సంస్థలో మెరుగైన బ్రాంచి వస్తే మారతా. తేడా తెలియకపోతే ఫ్లోట్ పెట్టండి. కాకపోతే పై సీటు వస్తే పాతది పోతుందని పిల్లకు, ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. అడిగిన గడువులోగా ఫీజు కట్టకపోయినా, కాగితం మీద వచ్చిన అభ్యంతరానికి జవాబివ్వకపోయినా సీటు రద్దవుతుంది. అందుకని ఆ వారాల్లో పెళ్లిళ్లకూ తీర్థయాత్రలకూ లాప్‌టాప్ లేని చోటికి వెళ్లకండి. జోసా అయ్యాక మిగిలిన ఎన్‌ఐటీ సీట్లకు సీశాబ్ ప్రత్యేక రౌండ్లుంటాయి. ఒజేఈఈలో మంచి సీటొచ్చినా అవి అయ్యేదాకా ఓ కన్ను అటు వేసి ఉంచండి.

ఈ రోజుల్లోనే 'సీటు ఇప్పిస్తాం' అనే ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి. కన్వీనర్ సీటు, ఒజేఈఈ సీటు ఎవరూ ఇప్పించలేరు, అది ర్యాంకుతోనే వస్తుంది. వాళ్లు ఇప్పించేది ఖాళీగా ఉన్న మేనేజ్‌మెంట్ సీటు, అది మీరు నేరుగా వెళ్లినా ఇస్తారు.

ఏడో మెట్టు: చేరడం

ఒడిశా ప్లస్ టూ కాలేజీ నుంచి సీఎల్‌సీ (కాలేజీ లీవింగ్ సర్టిఫికెట్), కాండక్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. ఆంధ్రలో చేరేట్టయితే సీహెచ్‌ఎస్‌ఈ నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. ఆంధ్రలో ఇంటర్ చదివి ఇక్కడికి వచ్చేవాళ్లకు టీసీ, అక్కడి ఇంటర్ బోర్డు మైగ్రేషన్ కావాలి. దీన్ని ఫలితాలు రాగానే పెట్టుకోవాలి, చేరే వారంలో పరిగెడితే అందదు. సీటు ఖాయమయ్యేదాకా ఒరిజినళ్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. రెండు మూడు కౌన్సెలింగుల్లో ఉన్నప్పుడు ఒక కాలేజీ ముందే తీసేసుకుంటే రెండోదాని దగ్గర చేతులు ఖాళీగా నిలబడాల్సి వస్తుంది.

ఒకచోట చేరి మంచి సీటొచ్చి వెళ్లిపోవాల్సి వస్తే భయపడక్కర్లేదు. ఏఐసీటీఈ నియమం ప్రకారం గడువులోగా సీటు వదులుకుంటే 1,000 రూపాయలకు మించకుండా కోసుకుని మిగతా ఫీజు వెనక్కివ్వాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చునే హక్కు కాలేజీకి లేదు. మాటతో సరిపెట్టకుండా వదులుకుంటున్నట్టు దరఖాస్తు రాసి, తేదీతో అందినట్టు సంతకం తీసుకోండి, ఈమెయిల్ కూడా పంపండి. ఆఫీసులో 'రేపు రండి' అంటూ గడువు దాటించే ప్రయత్నం జరిగితే ఆ తేదీ ఉన్న కాగితమే మీకు దిక్కు. అప్పటికీ ఇవ్వకపోతే ఏఐసీటీఈ ఫిర్యాదుల పోర్టల్‌లో దాన్నే జతచేసి పెట్టండి.